బెత్తెడు జరిగిన కుర్చీ

అనకాపల్లి చరిత్ర రాసినవాళ్ళు బెల్లం గురించి రాశారు, రైలు గురించి రాశారు, శారదా నది పొంగిన సంవత్సరాల గురించి రాశారు. ఒక ముఖ్యమైన సంగతి మాత్రం వదిలేశారు. రెండువేల సంవత్సరం దాటాక ఈ ఊళ్ళో పెళ్ళిపందిట్లో గాని, ఆఫీసులో గాని, టీకొట్టు ముందు గాని వేసిన కుర్చీ వేసినచోట ఉండలేదు. బెత్తెడు పక్కకి జరిగింది. జరిపినవాడు ఒక్కడే. ఊరంతటినీ కదిలించిన మనుషులు చరిత్రలో అరుదు గనక ఆ పేరు ఇక్కడ నమోదు చేయడం ధర్మం: జాన్ బాబు, ప్రొప్రయిటరు, షెకీనా ఈవెంట్స్, గవరపాలెం.

జాన్ బాబు కుర్చీలో కూర్చోవాలంటే ముందు దాన్ని జరపాలి. ఎందుకంటే చెప్పలేడు. కుర్చీ ఎప్పుడూ ఉండాల్సిన చోటికి బెత్తెడు అవతల ఉన్నట్టే అతనికి కనిపిస్తుంది. బ్యాంకు మేనేజరు గదిలో జరిపాడు. పోలీసుస్టేషన్లో మైకు పర్మిషను కోసం వెళ్ళి, రైటరు చూస్తుండగానే జరిపాడు. పెళ్ళిచూపుల్లో జరిపితే, కాలు విరిగిన కుర్చీ వేశామేమోనని కాబోయే మామగారు కంగారుపడి లోపల్నించి ఇంకోటి తెప్పించాడు. దాన్నీ జరిపాడు. తలుపు కర్టెను వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు విన్నాకే తాను సంబంధానికి ఒప్పుకున్నానని జాన్ బాబు అంటాడు. అది నవ్వు కాదనీ, ఆ వారమంతా తనకి దగ్గనీ అతని భార్య రాణి అంటుంది.

ఈ అలవాటు వల్ల నష్టమేమీ రాలేదు. పైగా అదే అన్నం పెట్టింది. తండ్రి వదిలివెళ్ళిన షామియానాలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే వ్యాపారాన్ని, బోర్డు మీద రంగు మార్చి ఈవెంట్స్ చేసినవాడు జాన్ బాబు. షామియానా అదే, గుంజలు అవే. కొత్తగా వచ్చింది కాన్సెప్టు అనే మాట ఒక్కటే. ఆ కాన్సెప్టులు విశాఖపట్నం నుంచో హైదరాబాదు నుంచో వస్తాయని పార్టీలు నమ్మేవారు. నిజానికి అవి వంటింట్లోంచి వచ్చేవి. రాణి ఇడ్లీరేకులు కడిగి దండేనికి తగిలిస్తే, అవి ఎండలో తళుక్కుమనడం చూసి రిసెప్షనుకి షాండిలియరు తయారుచేశాడు. పెరట్లో చీరలు సగానికి మడిచి ఆరేస్తే, ఆ మడతలు చూసి స్టేజీ వెనక తెర వేశాడు. ఒకసారి చూసి వేయడంతో ఆగలేదు. బంధువుల పెళ్ళికి వెళ్ళిన రాణి, పెళ్ళికూతురి వెనక వేలాడుతున్న నీలం చీరని ఎక్కడో చూసినట్టుందే అనుకుని, భోజనాల దగ్గరికి వచ్చేసరికి గుర్తుపట్టింది. అది తన తోడికోడలు పెట్టిన చీర.

"ఇంట్లో ఏదన్నా కనపడకపోతే ఊళ్ళో ఎవరిదో పెళ్ళని అర్థం" అని రాణి ఇరుగుపొరుగుకి చెప్పేది. కోపంగా చెప్పేది కాదు. వానాకాలం వస్తుందని చెప్పినట్టు చెప్పేది.

ఆ ఇంట్లో సామాన్లకి స్థిరనివాసం లేదు. బీరువా నాలుగు గోడలూ చూసింది. టీవీ ఒక వేసవంతా తలుపు వెనక కాపురం చేసింది. పదేళ్ళ కూతురు షెకీనా బడి నుంచి వచ్చి గుమ్మంలో ఒక క్షణం నిలబడి, ఇవాళ ఇల్లు ఎలా ఉందో చూసుకుని అప్పుడు చెప్పులు విప్పేది.

అలాంటి ఇంటికి, రెండువేల ఆరులో, చూపు పోయిన తల్లిని తీసుకొచ్చాడు జాన్ బాబు.

శాంతమ్మ ముప్పై ఏళ్ళపాటు రాజయ్యపేట చుట్టుపక్కల సముద్రపు ఊళ్ళలో చర్చి తరఫున బైబిలు చెప్పే పనిచేసింది. భుజానికి సంచీ, చేతిలో గొడుగు, కాలినడక. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళ మధ్య ఇసకలో కూర్చుని వాక్యం చెప్పి, పెట్టిన టీ తాగి, పక్క ఊరికి నడిచిపోయేది. ఎవరన్నా సైకిలెక్కమంటే, "నడిసేవోళ్ళకే దారి తెలుస్తాది" అని ఎక్కేది కాదు. పని మానేశాక కూడా అక్కడే ఉండిపోయింది. తరవాత కళ్ళల్లో నీటికాసులు వచ్చాయి. విశాఖపట్నంలో డాక్టరు చూసి, పోయిన చూపు రాదనీ, మిగిలింది వెలుగూ నీడా తెలిసేంత మాత్రమేననీ చెప్పాడు. ఆ మాట వింటున్నంతసేపూ జాన్ బాబు కుర్చీలో కూర్చోలేదు. జరపడం కూడా మరిచిపోయాడు.

శాంతమ్మ కొడుకింటికి రావడానికి ఒక్క షరతు పెట్టింది.

"నన్నెవరూ సెయ్యట్టుకుని నడిపించకూడదు. ఏ రోజు నడిపించవలసొస్తాదో ఆ రోజు నానెల్లిపోతాను. రాజయ్యపేటలో మా అక్క కూతురి పాకుంది."

"అక్కడ మాత్రం నిన్ను ఎవరు చూస్తారమ్మా?"

"సూడక్కర్లేదురా. ఆ పాకలో జరపడానికేటీ లేదు."

రాణి ఆ సాయంత్రమే ఇంటికి శాసనం చేసింది. బీరువా ఇక్కడ, టీవీ ఇక్కడ, మంచం ఈ గోడవార. కిటికీ దగ్గర టేకు చేతుల కుర్చీ. ఇక ఏదీ కదలదు. జాన్ బాబు సంతకం ఒక్కటే తక్కువ.

శాంతమ్మ ఇంటిని వాక్యంలా కంఠస్థం చేసింది. అందులో కుర్చీదే ముఖ్యమైన చోటు. మంచం మీంచి లేచి కుడిచెయ్యి చాచి నడిస్తే కుర్చీ చెయ్యి తగలాలి. దాన్ని పట్టుకుని ఎడమకి తిరిగితే ఎదురుగా వంటింటి గుమ్మం. అక్కణ్ణించి పెరడు. ఆ కుర్చీ ఆవిడకి కూర్చోవడానికే కాదు, నాలుగు రోడ్ల కూడలి. వారం తిరిగేసరికి తన కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించేది. షెకీనా జడ వేసేది. పాపిడి రాణి తీసినదానికన్నా తిన్నగా వచ్చేది.

జాన్ బాబు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో నిలబడే తినేవాడు. కూర్చుంటే జరపాలి గనక.

ఆ నిగ్రహం నెలరోజులు నిలిచింది. తరవాత బెల్లం వ్యాపారి త్రినాధరావు కూతురు ఇందు పెళ్ళి వచ్చింది.

త్రినాధరావు పెద్ద మనిషి. పరపతిలోనూ పెద్దే, ఒంట్లోనూ పెద్దే. పెళ్ళినాడు పొద్దున్నే ఫోను చేసి, గేటు నుంచి మండపానికి పెళ్ళికూతురు నడిచే దారి తిన్నగా ఉంటే బాగులేదనీ, ఎక్కడో ఒక మలుపు ఉండాలనీ అన్నాడు. జాన్ బాబు సెల్లు చెవికి పెట్టుకుని హాల్లో అటూ ఇటూ నడిచాడు. మలుపు ఎక్కడుండాలో ఆలోచించాడు. కిటికీని గేటు అనుకున్నాడు, వంటింటి గుమ్మాన్ని మండపం అనుకున్నాడు. మధ్యలో టేకు కుర్చీ ఉంది. ఆలోచన కుదిరింది. "అలాగే సార్, వచ్చేస్తన్నాను" అని వెళ్ళిపోయాడు. ఆలోచన కుదిరినప్పుడు తన చెయ్యి ఏం చేసిందో అతనికి తెలియదు.

శాంతమ్మ నిద్రలేచి, ప్రార్థన చేసుకుని, కుడిచెయ్యి చాచి నడిచింది. చేతికి ఏమీ తగలలేదు. ఇంకో అడుగు వేసింది. కుర్చీ కాలు ఆవిడ కాలికి అడ్డొచ్చింది. గుమ్మం చెక్క నుదుటికి తగిలింది.

వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన రాణితో, "లేవదియ్యకమ్మా. నానే లేత్తాను" అంది శాంతమ్మ. లేవడానికి చాలాసేపు పట్టింది. రాణి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. అంత కష్టమైన పని ఆ ఇంట్లో తనెప్పుడూ చెయ్యలేదని తరవాత అంది.

సాయంత్రం జాన్ బాబు ఇంటికి వచ్చేసరికి తల్లి నుదుటిమీద బొప్పికి పసుపు రాసి ఉంది. మంచం పక్కన రేకుపెట్టె మూత తెరిచి ఉంది. లోపల తెల్లచీరలు సర్ది ఉన్నాయి.

"ఏమైందమ్మా?"

"కుర్చీ జరిగిందిరా" అంది. జరిపావని అనలేదు. వానపడింది అన్నట్టు అంది.

జాన్ బాబు పెట్టె పక్కన నేలమీద కూలబడ్డాడు. నేలని జరపలేడు.

"నా మీద నీకు పేమ లేదని కాదు జానూ. నీ సెయ్యి నీ మాట ఇనదు. మీ నాన్నకీ అంతే, గడియారం కనపడితే ముల్లు తిప్పీవోడు. సెనివారం కృతజ్ఞత కూడిక ఉంది కదా, పాస్టరుగారికి మాటిచ్చేసేం. అదయ్యాక ఎల్తాను."

ఆవిడకి డెబ్భై ఏళ్ళు నిండుతున్నాయని, బంధువులనీ సంఘంవాళ్ళనీ ఇంటికి పిలిచి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడానికి పెట్టుకున్న కూడిక అది. మరి నాలుగు రోజులుంది.

జాన్ బాబుకి తెలిసిన ప్రాయశ్చిత్తం ఒకటే, డెకరేషను. ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చూడని స్టేజీ కడతానన్నాడు. గులాబీల ఆర్చి అన్నాడు. మంచం నుంచి పాస్టరుగారి బల్ల దాకా రెండువైపులా పూలతాళ్ళు కట్టి, అమ్మ వాటిని పట్టుకుని నడిచేలా చేస్తానన్నాడు. రాణి బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"బాగుంటుందండీ. ఎవరు చూస్తారు?"

"అందరూ చూస్తారు."

"అత్తమ్మ?"

 జాన్ బాబు వృత్తి మొత్తం ఎవరు చూస్తారనే ప్రశ్నకి సమాధానం. లైట్లు అందుకే, రంగులు అందుకే, పెళ్ళికూతురి దారిలో మలుపు అందుకే. ఇప్పుడు ముఖ్య అతిథి ఏమీ చూడని ఫంక్షను వచ్చింది. ఇలాంటి పార్టీ ఇంతకుముందు ఎప్పుడూ తగల్లేదు.

మర్నాడు సాయంత్రం అందరూ ఇంట్లో ఉండగా, జాన్ బాబు తువ్వాలు కళ్ళకి గట్టిగా కట్టుకుని తల్లి మంచం దగ్గర నిలబడ్డాడు. వంటింటికి బయల్దేరాడు. మొదట మంచంకోడు తగిలింది. తరవాత గోడ, అక్కడ గోడ ఉండటానికి వీల్లేదు. చేతికి నున్నగా ఏదో తగిలితే కుర్చీ దొరికిందనుకుని పట్టుకున్నాడు.

"డాడీ, అది టీవీ" అంది షెకీనా.

"తెలుసు."

"తెలిస్తే దాని నెత్తిమీద సెయ్యేసి దీవిస్తన్నావేటి?"

రాణి కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. ఇన్నిసార్లు తన చేత్తో మార్చి మార్చి సర్దిన ఇల్లు, కళ్ళు మూసేసరికి ఎవరిదో అయిపోయిందని జాన్ బాబుకి తెలిసింది. ఓడిపోయి ఉన్నచోటే చతికిలబడ్డాడు. తువ్వాలు మాత్రం విప్పలేదు. కాసేపటికి ఇల్లు ఒక్కొక్కటిగా వినపడటం మొదలుపెట్టింది. కుడివైపు స్టవ్వు బుసబుస. నెత్తిమీద ఫ్యాను కిర్రు. ఎక్కడో దూరంగా బకెట్లోకి ఒక్కో చుక్క, ఒక్కో చుక్క.

"ఆ కుళాయి రేపు బాగుచేయించేస్తాను" అన్నాడు సిగ్గుపడి. ఆ మాట అతను ఏడాదిగా అంటున్నాడు.

కుర్చీలోంచి శాంతమ్మ, "బాగు సెయ్యించకు. అదే నాకు పెరటి గుమ్మం" అంది.

జాన్ బాబు తువ్వాలు విప్పాడు. ఇడ్లీరేకుల్ని చూసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి. కాకపోతే ఈసారి చూసింది ఏమీ లేదు.

మిగిలిన రోజులు పూలకొట్టుకి వెళ్ళలేదు. మంచం దగ్గర్నించి కుర్చీ దాకా, కుర్చీ దగ్గర్నించి వంటింటి దాకా కొబ్బరిపీచు పట్టా పరిచి, కదలకుండా అంచులకి మేకులు కొట్టాడు. పాదానికి గరుకు తగిలినంతసేపూ దారి, నున్నగా తగిలితే దారి తప్పినట్టు. వీధి గుమ్మం పక్కన మరువం కుండీ పెట్టాడు. గోడగడియారాన్ని తీసి తల్లి మంచం తలవైపు గోడకి తగిలించాడు. ఒక్కోటి పెట్టి, తువ్వాలు కట్టుకుని, నడిచి చూసుకునేవాడు. శాంతమ్మ బావుందనీ అనలేదు, పెట్టెలోంచి చీరలూ తియ్యలేదు. ఒకసారి మాత్రం, పట్టా మీద నడుస్తూ మధ్యలో ఆగి, బొటనవేలితో దాన్ని రెండుసార్లు రాసింది.

శనివారానికి హాల్లో కిటికీ దాకా వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మధ్యలో పీచుపట్టా దారి, దాని చివర తెల్లగుడ్డ పరిచిన బల్ల. రాజకీయ సభల్లో కుర్చీలు గాల్లోకి లేవకుండా కాళ్ళూ కాళ్ళూ కలిపి తాడుతో కడతారు. జాన్ బాబు తన ఇంటి హాల్లో కూడా అలాగే కట్టాడు. కుర్చీలు కదలకుండా అతను పడిన మొట్టమొదటి శ్రమ అదే.

లైట్లూ మైకులూ చూసే కన్నబాబు, అతని వ్యాపారంలో సగం బలం, గుమ్మంలో నిలబడి నాలుగు మూలలూ చూశాడు.

"ఏటి బావా, జనం వచ్చేత్తన్నారు. డెకరేషనేది?"

"అయిపోయింది."

"అయిపోనాదా? ఎక్కడ?"

"కింద చూడు."

"కింద పీచుపట్టా ఉంది."

"అదే."

కన్నబాబు అతని మొహంలోకి కాసేపు చూసి, "మొన్న ఇందమ్మ పెళ్ళిలో ఎండ బాగా తగిలినట్టుంది" అన్నాడు.

వచ్చినవాళ్ళు కూడా స్టేజీ కోసం వెతుక్కున్నారు. ఈవెంట్స్ వాడి ఇంట్లో ఒక్క బెలూను లేదేమిటని ఆడవాళ్ళు గుసగుసలాడారు. పాట పాడారు, ప్రార్థన అయింది. పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టాక త్రినాధరావు వచ్చాడు. కూతురి పెళ్ళి బాగా జరిపించినవాడి తల్లికి పండగని విని, స్వీట్ల పెట్టెతో వచ్చాడు. వరసల్లో ఖాళీ లేదు. అంత మనిషిని నిలబెట్టకూడదని ఎవరో మర్యాదస్తులు వరండాలోంచి విడి కుర్చీ ఒకటి తెచ్చి, దొరికిన ఖాళీలో వేశారు. ఆ ఇంట్లో దొరికిన ఖాళీ పీచుపట్టా దారి ఒక్కటే.

జాన్ బాబు వంటింటి గుమ్మంలో ఉన్నాడు. అతను చూసేసరికి పాస్టరుగారు, "ఇప్పుడు శాంతమ్మగారు వచ్చి దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెబుతారు" అనేశారు.

శాంతమ్మ లేచింది. పాదం పట్టా మీద మోపింది.  ముందువరసలో ఇద్దరు ఆడవాళ్ళు సాయానికి లేవబోతే, రాణి కళ్ళతోనే కూర్చోబెట్టింది. ఆవిడ తొందరపడకుండా, ఇసకలో నడిచినట్టు నడుస్తోంది. దారిలో త్రినాధరావు ఉన్నాడు. తన పక్కనుంచి వెళ్ళిపోతుందనే అతని ఉద్దేశం. ఆవిడకి పక్క అనేది లేదని అతనికి తెలియదు.

"ఆగమ్మా" అంటే సరిపోతుంది. కాని అంటే, ఇంతమంది ముందు కొడుకు మాట ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించినట్టే. రేకుపెట్టె మూత వెయ్యడమే తరవాయి. జాన్ బాబు ఒంగి, చప్పుడు లేకుండా, తిన్నగా త్రినాధరావు వెనక్కి వెళ్ళాడు. కుర్చీ రెండు చేతులూ పట్టుకున్నాడు. పుట్టినప్పట్నుంచీ చేస్తున్న సాధన అంతా నడుంలోకి తెచ్చుకుని, బెల్లం వ్యాపారితో సహా పక్కకి జరిపాడు.

బెత్తెడు జరిగింది. త్రినాధరావు స్వీట్ల పెట్టెని గుండెకి హత్తుకుని ఊపిరి బిగబట్టాడు. శాంతమ్మ చీరకుచ్చెళ్ళు అతని మోకాలికి రాసుకుంటూ వెళ్ళాయి. ఆవిడ చెయ్యి బల్ల అంచుని తాకింది. అక్కడ ఆగి, జనంవైపు తిరిగింది.

"జానూ, ఇప్పుడు జరిపిందెవుర్ని?"



"త్రినాధరావుగారినమ్మా" అన్నాడు జాన్ బాబు, వంగిన నడుం ఇంకా ఎత్తకుండా.

"అందుకే, సప్పుడు గొప్పగా వచ్చింది."

మొదట నవ్వినవాడు త్రినాధరావు. తరవాత ఎవరూ ఆగలేదు. పాస్టరుగారు కూడా బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వులు ఆగేదాకా శాంతమ్మ బల్లమీద చెయ్యి ఆనించి నిలబడింది. తరవాత సాక్ష్యం చెప్పింది. పెద్దదేం కాదు. ఇసకలో నడిచిన రోజుల్లో దారి తెలియనప్పుడు అలల చప్పుడు ఎటువైపు ఉందో చూసుకుని నడిచేదాన్నని చెప్పింది. ఈ ఇంట్లో సముద్రం లేదని బెంగపెట్టుకున్నానని, కుళాయి ఒకటి ఉందని తరవాత తెలిసిందని, దేవుడికి స్తోత్రమని చెప్పి, తిరిగి తన దారిన తను నడిచి కుర్చీలో కూర్చుంది.

అందరూ వెళ్ళాక, జాన్ బాబు కుర్చీల తాళ్ళు విప్పుతుంటే శాంతమ్మ పిలిచింది.

"ఒరే, ఆ రేకుపెట్టి మంచం కిందకి తోసెయ్. గోడకి ఆనేదాకా. మళ్ళీ తియ్యకు, నాకు సోటు తెలియాల."

జాన్ బాబు పెట్టె తోశాడు. లేచి, పాస్టరుగారి బల్లమీద ఇంకా ఉన్న బైబిలు తెచ్చి, ఆవిడ కుర్చీ ముందు మోకరించి, దాని మీద కుడిచెయ్యి ఉంచి, ఈ ఇంట్లో ఈ క్షణం నుంచి ఏ వస్తువూ తన చేతుల మీదుగా కదలదనీ, తన ఊపిరి ఉన్నంతవరకూ ఈ మాటకి కట్టుబడి ఉంటాననీ, భార్యా కూతురూ కన్నబాబూ సాక్షులుగా ప్రమాణం చేశాడు. షెకీనా ఆమేన్ అంది. శాంతమ్మ చెయ్యి చాచి అతని తల తడిమింది. ఆ ఇంట్లో అలాంటి గంభీరమైన ఘడియ అంతకుముందు రాలేదు.

సోమవారం పొద్దున్న రాణి కన్నబాబుని పిలిపించి, డ్రిల్లింగు మిషనుతో టేకు కుర్చీ నాలుగు కాళ్ళకీ నేలలోకి బోల్టులు వేయించింది.